దీపాల పెట్టెకు వాన బెడద

ఎర్రగుంట్లకు చేరువలోనున్న ప్రొద్దుటూరులో దసరా ఉత్సవములు మిక్కిలి వైభవముగా జరుగును. విద్యుద్దీపాల అలంకరణ వాటిలో ముఖ్యమైన ఆకర్షణ. అయితే ఆశ్వయుజమాసము కడప జిల్లాకు వానల కాలము. నైరృతి ఋతుపవనములు వెనుదిరుగుటయు, ఈశాన్య ఋతుపవనములు ప్రవేశించుటయు ఇంచుమించు ఆ రోజులలోనే. ఉత్సాహముగల విద్యార్థి ఒకడు సీరియలు బల్బులను వెలిగించి ఆర్పే చిన్న సర్క్యూటును ప్లాస్టిక్ డబ్బాలో అమర్చి, మూత గట్టిగా బిగించి ఇంటిముందు వ్రేలాడదీసినాడనుకొందము. కొన్నాళ్ళకు డబ్బా అడుగున నీరు కనిపించును. మూత బిగించియే ఉన్నది గదా! ఈ నీరు ఎట్లు వచ్చినది? విద్యుత్తును నీటినుండి కాపాడుటకు మానవుడు చేసిన ప్రయత్నముల చరిత్రలో దీనికి సమాధానము కలదు.

మొదట అక్కరకు వచ్చినది మలయా ప్రాంతపు చెట్ల పాలనుండి లభించు గట్టాపెర్చా. అది మంచి విద్యుద్బంధకమని 1848 లో మైకేల్ ఫారడే వెల్లడించెను. 1851 లో ఇంగ్లండు, ఫ్రాన్సుల నడుమ సముద్రములో వేసిన టెలిగ్రాఫు తీగకు ఇదియే కవచమైనది. తీగకు పూత చాలును. పూతకును తీగకును నడుమ గాలికి చోటు లేదు. కాని విప్పి బిగించవలసిన పరికరములకు పెట్టె కావలెను. పెట్టె ఉన్నచోట లోపల గాలియు ఉండును. అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది.

పెట్టెకు తగిన పదార్థములు ఒక్కొక్కటిగా లభించినవి. 1907 లో లియో బేక్‌లాండు బేకలైటును తయారుచేసెను. 1933 లో ఇంగ్లండులో పాలిథీను బయటపడినది. గాజువలె పారదర్శకమై, దెబ్బలకు ఓర్చుకొను పాలీకార్బొనేటును 1953 లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ వేర్వేరుగా సాధించిరి. మూత అంచున అమర్చుటకు సిలికోను రబ్బరు 1940 తరువాతి సంవత్సరములలో వాడుకలోకి వచ్చినది.

పెట్టె ఎంత గట్టిదో చెప్పుటకు కొలబద్ద కావలెను గదా! అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘము 1976 లో ప్రకటించిన ప్రమాణము అట్టిది. పెట్టెపై 'ఐ.పి. 65' అని ఉన్నచో, మొదటి అంకె దుమ్మునకు, రెండవది నీటికి సంబంధించినది. 6 అనగా దుమ్ము బొత్తిగా చొరదు. 5 అనగా గొట్టముతో చిమ్మిన నీటికి ఓర్చుకొనును. సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారములు గల ఎర్రగుంట్ల ప్రాంతమున మొదటి అంకెయు తక్కువ ముఖ్యము కాదు.

ఇక మన ప్రశ్నకు వత్తము. ఎండకు డబ్బా 57 సెంటీగ్రేడు డిగ్రీలకు కాగినది. లోని గాలి వ్యాకోచించి సన్నని సందులగుండా కొంత బయటికి పోయినది. అంతలో వాన కురిసి, డబ్బా 27 డిగ్రీలకు చల్లబడినది. కెల్విను మానములో ఇది 330 నుండి 300 కు తగ్గుట. సందులను నీరు మూసివేసినచో లోని పీడనము పదకొండవ వంతు తగ్గును. వాతావరణ పీడనము సుమారు 10 మీటర్ల ఎత్తు నీటికి సమానము. కావున ఈ లోటు సుమారు 90 సెంటీమీటర్ల నీటికి సమానమగును. అంత బలముతో డబ్బా నీటిని లోనికి పీల్చుకొనును. తడిగాలి లోనికి చేరినను, రాత్రి చల్లదనమునకు అందలి ఆవిరి నీటిబొట్లగును.

కనుక పెట్టెకు ఊపిరాడనిచ్చుటయే ఉపాయము. 1969 లో అమెరికాలో రాబర్ట్ గోర్ టెఫ్లానును వేగముగా సాగదీసి, అతి సూక్ష్మరంధ్రములుగల పొరను సాధించెను. గాలియు ఆవిరియు దానిగుండా పోగలవు, నీటిబొట్టు పోలేదు. నేడు ఆరుబయటి దీపముల పెట్టెలలో ఇట్టి పొరలను అమర్చుచున్నారు.

అది దొరకనిచో, వ్రేలాడు డబ్బాకు అడుగున చిన్న రంధ్రము చేయుట మేలు. వైరును డబ్బాకంటె క్రిందికి వంచి, అడుగునుండియే లోనికి తీసికొనిపోవలెను. అప్పుడు వైరు వెంట జారిన నీరు వంపువద్దనే కారిపోవును. వినిగరు వాసన వచ్చు సిలికోను జిగురు రాగి తీగలకు చిలుము పట్టించును; దానిని సర్క్యూటు దగ్గర వాడరాదు. అన్నిటికన్న ముఖ్యము, 230 వోల్టుల విద్యుత్తును ఇంటిలోపలనే ఉంచి, అడాప్టరు ద్వారా 12 వోల్టులు మాత్రమే బయటికి పంపవలెను. ఇంటిలో చేసిన డబ్బాను నమ్మి ప్రాణముతో చెలగాటమాడరాదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. సర్క్యూటు ఏమియు లేని ఖాళీ డబ్బాకు మూత బిగించి, ఎండలో కాగనిచ్చి, చల్లని నీటి బకెటులో ముంచి, తుడిచి విప్పి చూడవలెను. లోన నీటిబొట్లు కనిపించినచో, వాయుధర్మములు పాఠ్యపుస్తకమునకే పరిమితము కావని పిల్లలు తామే గ్రహింతురు.