చల్కనేలలో కందివేరు

సికింద్రాబాదు అంగళ్లలో కందిపప్పు కొనని గృహము అరుదు. ఆ పప్పునిచ్చు మొక్క నేల లోపల చేయు పనిని తలచువారు అంతకంటె అరుదు. ఆ పని వెలుగులోనికి వచ్చిన వృత్తాంతమును శ్రోతలకు నివేదింప నెంచినాము.

మొక్క దేనిని తిని పెరుగును? ఈ ప్రశ్న ప్రాచీనమైనది. బ్రస్సెల్సు నగరవాసియగు వాన్ హెల్మాంటు 200 పౌనుల ఎండుమట్టిలో 5 పౌనుల విల్లో మొక్కను నాటి, 5 ఏండ్లు నీరు మాత్రము పోసెను. చెట్టు 169 పౌనులు తూగెను. మట్టి సుమారు 2 ఔన్సులు మాత్రమే తగ్గెను. నీరే చెట్టుగా మారినదని ఆయన తీర్మానించెను. ఆయన మరణానంతరము 1648లో ఈ సంగతి అచ్చయినది. ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, సూర్యరశ్మి సాయమున ఆహారము వండుకొనునని తరువాతివారు కనుగొనిరి. హెల్మాంటు లెక్కకు తీసికొనని ఆ కొలది మట్టిపాలు కూడ వ్యర్థము కాదు. నేలనుండి మొక్క గ్రహించు ఖనిజములు స్వల్పమే యైనను, అవి లేనిదే ఎదుగుదల లేదు. వానిలో భాస్వరము ముఖ్యము. అది చాలనిచో వేరు సాగదు, గింజ నిండదు.

1843లో లండను సమీపమున జాన్ లాస్ అనునతడు సూపర్ ఫాస్ఫేటు ఎరువును కర్మాగారమున తయారుచేయ నారంభించెను. కొనగలిగినవారు కొనిరి. దక్కను చల్కలలోని పేదరైతుకు ఆ శక్తి ఎక్కడిది? అయినను అతడు జొన్నసాళ్ల నడుమ కందిసాలు వేసి, తరతరములుగా రెండింటిని పండించుచునే వచ్చెను. భాస్వరపు ఎరువు ఎరుగని నేలలో కంది ఎట్లు నిలిచెను?

ఈ చిక్కు మన చేరువనే విడినది. 1972లో పటాన్‌చెరువు వద్ద అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, అనగా ఇక్రిశాట్, నెలకొనెను. ఆ క్షేత్రమున ఎర్రచల్కయు, నల్లరేగడియు రెండును కలవు. రేగడిలోని భాస్వరము విశేషముగ కాల్షియముతో కూడియుండును. జొన్నవేరు దానిని కొంతవరకు తీసికొనగలదు. చల్కలో అది ఇనుముతో పెనవేసికొనియుండును. నేలలో ఉండియు పంటకు లేనట్లే. అయితే కందివేరు పిసిడిక్ ఆమ్లమును, దాని సంబంధి యగు మరియొక పదార్థమును స్రవించును. అవి ఇనుమును పట్టుకొనగా భాస్వరము విడివడును. నోరిహారు ఆయే మొదలగు జపానీయ శాస్త్రజ్ఞులును వారి సహచరులును 1990లో 'సైన్స్' పత్రికయందు ఈ విషయమును ప్రకటించిరి.

కావున జొన్నయు కందియు ఒకే చేనిలో నున్నను, ఒకే కంచమున చేయి పెట్టునవి కావు. ఒకటి అందుబాటులోని భాస్వరమును తీసికొనగా, రెండవది తాళము వేసియున్న గాదెను తెరచును. కంది రాల్చిన ఆకులతో ఆ సారములో కొంత పైమట్టికి చేరును. రైతు అనుభవమున నెరిగిన మేలునకు కారణమిట్లు తెలియవచ్చినది.

ఒక్క హెచ్చరిక మాత్రము అవసరము. కంది భాస్వరమును విడిపించునే గాని సృష్టింపదు. బస్తాలతో అంగడికి తరలిపోయిన సారమును పశువుల ఎరువు రూపమున గాని, మరియొక విధమున గాని నేలకు తిరిగి ఈయవలెను. లేనిచో ఎంతటి గాదె యైనను ఒకనాటికి అడుగంటక మానదు.