ఇల్లెందు బొగ్గు - సర్దార్ అబ్దుల్ హఖ్

ఖమ్మమునకును భద్రాచలమునకును నడుమ నడవిసీమలో నున్న ఇల్లెందునకు ప్రజల నోట నిలిచిన పేరు బొగ్గుట్ట. పూర్వము భద్రాద్రి యాత్రికులు కొంద రిచట బసచేసి నల్లరాళ్లతో పొయ్యి పేర్చి వంట చేయగా, ఆ రాళ్లే రాజుకొని మండెనని జనశ్రుతి. 1870 తరువాతి తొలి సంవత్సరములలో భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్ ఇచటి బొగ్గును శాస్త్రీయముగా నిరూపించెను. ఇచటి ముఖ్యమైన బొగ్గుపొర కాయన పేరే నిలిచినది.

బొగ్గు కనబడుట వేరు. దానిని త్రవ్వి బజారునకు చేర్చుట వేరు. గోదావరిపై నావలు నడపుటకై దుమ్ముగూడెమున తలపెట్టిన పనులు 1871లో నిలిచిపోయెను. పైగా భద్రాచలము 1860 నుండి ఇంగ్లీషువారి పాలనలోను, ఇల్లెందు నిజాము రాజ్యములోను ఉండెను. నదీమార్గము మూతపడగా మిగిలిన దారి రైలుమార్గమే.

ఈ సందర్భముననే సర్దార్ దిలేర్ జంగ్ బిరుదాంకితుడైన అబ్దుల్ హఖ్ చరిత్రలో ముందునకు వచ్చెను. నిజాము కొలువులో పోలీసు అధికారిగా నున్నపుడు, 1879లో వాసుదేవ బల్వంత ఫడ్కేను పట్టుకొనుటలో ఆయన పాల్గొనెను. ఉద్యోగి యైన ఆయన పిమ్మట లండనులో పెట్టుబడిదారులతో బేరములాడు వ్యవహర్త యయ్యెను. 1883 నాటి రైల్వే ఒప్పందమునందును, 1886లో వాట్సన్, స్టూవర్ట్ అనువారికి లభించిన గనుల హక్కునందును ఆయన పాత్ర ముఖ్యమైనది.

ఆ హక్కుపై హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడెను. దాని వాటాలు లక్ష. అందులో 85,000 వాటాలను హక్కుదారులు రొక్కము చెల్లింపకయే తమ పేర వ్రాసికొనిరి. అబ్దుల్ హఖ్ తన వాటాలనే, బజారులో కొన్నవిగా చూపి, నిజాము ప్రభుత్వమునకు అంటగట్టెనని అభియోగము వచ్చెను. 1888లో బ్రిటిషు పార్లమెంటు సంఘ మొకటి దీనిని విచారించెను. ఆయన పదవి పోయెను.

ఇంతలో డోర్నకల్ నుండి ఇల్లెందు గనులకు శాఖామార్గము పడెను; 1889లో ప్రధానమార్గము బెజవాడను చేరెను. బొగ్గు లేని రైలును, రైలు లేని బొగ్గును నిరర్థకములు. ఈ రెంటిని కలుపవలెనన్న యోచనకు రూపమిచ్చిన వారిలో అబ్దుల్ హఖ్ ఒకడనుట కాదనరాదు.

అయినను ఆయనను సింగరేణి నిర్మాతగా కీర్తించుట యెంత పొరపాటో, కేవలము వంచకునిగా త్రోసిపుచ్చుటయు నంతే. పరిశోధకు డిచట రెండు లెక్కలు వేరుగా చూడవలెను. గని ప్రజోపయోగకరమైనది, దాని వాటాల వ్యాపారము ప్రజాధనమును హరించినది. మొదటి దానిని చూపి రెండవ దానిని మన్నింపరాదు.

1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. 1945లో హైదరాబాదు ప్రభుత్వము అధికభాగము వాటాలను కొనెను. ఒకనాడు ఊరక పంచియిచ్చిన హక్కును సంస్థానము సుమారు అరువది సంవత్సరములకు వెలయిచ్చి తిరిగి తెచ్చుకొన్నది. ఆ నడుమ కాలమున గని లోతులలో చెమటోడ్చిన కూలీల పేర్లు ఏ విచారణ పత్రములోను లేవు. ఇల్లెందు చరిత్ర వ్రాయువారు మొదట వెదుకవలసినది ఆ పేర్లనే.