గద్దలు తెచ్చిన వజ్రాలు

పదేళ్ళ కిందట నా దగ్గర పదో తరగతి చదువుకున్న అమ్మాయి ఈమధ్య ఫోను చేసింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నది. పెళ్ళి కుదిరింది. నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం కొనాలనుకుంటున్నారు. గనిలోంచి వచ్చిన ‘అసలు’ వజ్రమే ఉండాలని అబ్బాయి తరపువాళ్ళ పట్టుదల. అంతే పరిమాణం గల ప్రయోగశాల వజ్రం చాలా తక్కువ ధరకు దొరుకుతుంటే అప్పు చేసి గని వజ్రం కొనడమెందుకని ఈమె వాదన. “రెంటిలో ఏది అసలుది మాస్టారూ?” అని అడిగింది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గాని రత్నాల బేరగాణ్ణి కానని నవ్వేశాను. ఫోను పెట్టేశాక మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

మన ఇళ్ళలో నిశ్చితార్థమంటే తాంబూలాలు మార్చుకోవడం. ఉంగరం, అందులోనూ వజ్రపుటుంగరం, ఇటీవల వచ్చి చేరిన తంతు. అయితే వజ్రంతో మన సంబంధం ఇటీవలిది కాదు. 18వ శతాబ్దంలో బ్రెజిల్ గనులు బయటపడేదాకా ప్రపంచం ధరించిన వజ్రాల్లో అత్యధిక భాగం ఈ తెలుగు నేల నుంచి వెళ్ళినవే. అందుచేత ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు వెతకవలసిన చోటు నగల దుకాణం కాదు, మన చరిత్రే.

13వ శతాబ్దం చివర మార్కో పోలో ‘ముత్ఫిలి’ రాజ్యాన్ని గురించి రాశాడు. అది మోటుపల్లి అనీ, అతడు పొగిడిన రాణి కాకతి రుద్రమదేవి అనీ చరిత్రకారులు గుర్తించారు. అక్కడి వజ్రాలను గురించి ఆయన ఒక కథ చెప్పాడు. పాములు నిండిన లోతైన లోయలో వజ్రాలుంటాయి. జనం పైనుంచి మాంసపు ముక్కలు విసురుతారు. వజ్రాలు వాటికి అంటుకుంటాయి. గద్దలు ఆ మాంసాన్ని తన్నుకుని పైకి తెస్తే, వాటిని అదిలించి వజ్రాలు ఏరుకుంటారు. ఈ కథ అరబ్బు దేశాల్లోనూ ఐరోపాలోనూ శతాబ్దాల తరబడి తిరిగింది. అయితే పోలో అదే చోట మరొక సంగతి కూడా రాశాడు. వానలు వెలిశాక జనం వాగుల వెంట వెతికి వజ్రాలు ఏరుకుంటారని. నిజం ఇదే. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో ఇవాళ్టికీ పేదజనం నడుములు వంచి చేసే పని కూడా ఇదే. కానీ లోకం గద్దను గుర్తుంచుకుంది, వంగిన నడుమును మరచిపోయింది. వజ్రం చరిత్ర పొడుగునా జరిగింది ఇదే. గద్దలు మారుతూ వచ్చాయి, అంతే.

ఆ వంగిన నడుమును చూసి రాసిపెట్టినవాడు పరాయివాడు, అదీ వ్యాపారి. ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే 17వ శతాబ్దంలో మన గనులకు వచ్చాడు. 1676లో అచ్చయిన ఆయన యాత్రాగ్రంథం ప్రకారం కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో సుమారు 60,000 మంది పనిచేసేవారు. మగవాళ్ళు తవ్వేవారు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోసేవారు. ఆ మట్టిని కడిగి, ఎండబెట్టి, ధాన్యాన్ని తూర్పారబట్టినట్టే తూర్పారబట్టి రాళ్ళు వెతికేవారు. చిరుధాన్యం విత్తుకోవడానికి నేల తవ్వుతున్న ఒక పేదవాడికి రాయి దొరకడంతో ఆ గని బయటపడిందని కూడా ఆయన రాశాడు. ఆ పేదవాడి పేరు రాయలేదు.

రావులకొండ గనిలో కూలి ఏడాదికి మూడు వరహాలని తవెర్నియే లెక్క. గోచీ తప్ప ఒంటిమీద బట్ట లేని కూలీల మీద కాపలాదార్లను పెట్టేవారు. అయినా ఒకడు కంటి కొనలో రాయి దాచుకుని పట్టుబడ్డాడట. పెద్ద రాయి దొరికి యజమానికి అప్పగించినవాడికి ఒక తలపాగా గుడ్డ, కొద్దిపాటి సొమ్ము, బియ్యం, చక్కెర ఇచ్చేవారట. ఈ తలపాగా గుడ్డను పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దాని దగ్గరకు వస్తాం.

ఆ కాలంలో మన కవులు ఏం చేస్తున్నారు? నాయికల పలువరసను వజ్రాలతో పోలుస్తున్నారు. రాజసభల రత్నకాంతులను సీసాల్లో బిగిస్తున్నారు. వారిని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. కవి ఎవరి ఉప్పు తింటే వారి ఆభరణాలే అతని కంటికి ఆనుతాయి. కానీ అరవై వేలమంది చెమటకు మన కావ్యభాషలో ఒక ఉపమానం కూడా దక్కలేదన్న సంగతిని సాహిత్య విద్యార్థి గమనించాలి. ఇవాళ ఆ కొల్లూరు గని పులిచింతల జలాశయం అడుగున ఉంది. కావ్యంలో చోటు దొరకని శ్రమ భూమి మీద కూడా ఆనవాలు లేకుండా మునిగిపోయింది.

19వ శతాబ్దంలో రంగం దక్షిణాఫ్రికాకు మారింది. 1870ల నుంచి కింబర్లీలో గనులు విస్తరించాయి. 1888లో సెసిల్ రోడ్స్ డిబీర్స్ కంపెనీని ఏకీకృతం చేసి గుత్తాధిపత్యానికి పునాది వేశాడు. నల్లజాతి కూలీలను కాంట్రాక్టు ముగిసేదాకా ‘కాంపౌండ్’లలో నిర్బంధించారు. బట్టలు విప్పి సోదా చేశారు. పని ముగించుకుని వెళ్ళేముందు కొన్ని రోజులు విడిగా ఉంచి, కడుపులో రాళ్ళు లేవని తేలాకనే వదిలిపెట్టారు. రావులకొండలో కంటి కొన దాకా వెళ్ళిన నిఘా కింబర్లీలో కడుపులోకి దిగింది. భూస్వామ్యం చేతికర్రతో చేసిన పనిని సామ్రాజ్యవాద పెట్టుబడి గోడలు కట్టి చేసింది.

కొత్త గనులతో రాళ్ళు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. అరుదైన వస్తువు అరుదుగా ఉండటం మానేస్తే ధర నిలవదు. అందుకని సరఫరాను గుప్పిట్లో పెట్టుకోవడంతో పాటు కోరికను కూడా తయారుచేయవలసి వచ్చింది. 1938లో డిబీర్స్ అమెరికాలోని ఎన్.డబ్ల్యు. ఏయర్ అనే ప్రచార సంస్థను ఆశ్రయించింది. 1947లో ఆ సంస్థ ఉద్యోగిని ఫ్రాన్సిస్ గెరెటీ వజ్రం శాశ్వతమని చెప్పే నాలుగు ఇంగ్లీషు మాటలు రాసింది. ఎందరి పెళ్ళిళ్ళకో ఉంగరం తొడిగించిన ఆమె పెళ్ళే చేసుకోలేదు. 1967లో జపానులో ప్రచారం మొదలయ్యేనాటికి పెళ్ళి కుదిరిన ఆడపిల్లల్లో వజ్రపుటుంగరం అందుకునేవారు నూటికి అయిదుగురు కూడా లేరు. 1981 నాటికి అరవై మంది అయ్యారు. పద్నాలుగేళ్ళలో ‘సంప్రదాయం’ పుట్టింది! ఎంత జీతగాడు ఎంత ఖర్చు పెట్టాలో, రెండు నెలల జీతమని, అదీ ప్రకటనలే నేర్పాయి. ఆడదాని మీద ప్రేమను మగవాడి జీతంతో కొలిచే తక్కెడ ఇది. దీన్ని ప్రేమ చిహ్నమని నమ్మించగలగడంలోనే ప్రకటన రచన శక్తి ఉంది. ఈ కాలపు గద్ద అదే.

ఇక ప్రయోగశాల సంగతి. వజ్రం కేవలం కర్బనమేనని 1797లో స్మిత్సన్ టెనంట్ నిరూపించాడు. కొద్దిపాటి శ్రమతో కర్బనాన్ని వజ్రంగా మార్చగలిగితే దాని విలువ ఇటుకల విలువ కన్నా దిగిపోవచ్చునని మార్క్స్ 1867లోనే ‘కాపిటల్’ మొదటి అధ్యాయంలో ఊహించాడు. ఆ మార్పు 20వ శతాబ్దంలో సాధ్యమైంది. 1953లో స్వీడన్‌లోని ఆసియా కంపెనీ వజ్రాన్ని తయారుచేసినా బయటపెట్టలేదు. 1954 డిసెంబరులో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ శాస్త్రజ్ఞుడు ట్రేసీ హాల్ అత్యధిక పీడనం, వేడి కలిపి వజ్రాన్ని సృష్టించాడు. కంపెనీ కోట్లు గడించింది. హాల్‌కు దక్కిన బహుమతి 10 డాలర్ల పొదుపు బాండు. తలపాగా గుడ్డ గుర్తుకొచ్చిందా? మూడు వందల ఏళ్ళు గడిచాయి, గని పోయి ప్రయోగశాల వచ్చింది, కూలి పోయి శాస్త్రజ్ఞుడు వచ్చాడు. ఉత్పత్తి సంబంధం మాత్రం మారలేదు.

తర్వాత రెండో పద్ధతి వచ్చింది. పలుచని వజ్రపు రేకును గదిలో ఉంచి, మీథేన్, హైడ్రోజన్ వాయువులను మైక్రోవేవ్ శక్తితో ప్లాస్మాగా మారిస్తే, కర్బనం పొరలు పొరలుగా ఆ రేకు మీద పేరుకుంటుంది. వారాల్లో రాయి తయారు. ఇందులో ఒక చమత్కారముంది. నత్రజని దాదాపు లేని అతి స్వచ్ఛమైన గని వజ్రాలను వర్తకులు ‘గోల్కొండ’ రాళ్ళంటారు. ఈ పద్ధతిలో పుట్టినవి కూడా సాధారణంగా ఆ రకానివే. రసాయన శాస్త్రం లెక్కన చూస్తే యంత్రం కన్న రాయే గోల్కొండ రాయికి దగ్గరి చుట్టం.

గుణం ఒకటే, కంటికి తేడా తెలియదు, పరికరాలు పెట్టి చూస్తే గాని నిపుణుడు కూడా తేల్చలేడు. అలాంటప్పుడు ‘అసలు’ అన్న మాటకు మిగిలిన అర్థం ఏమిటి? పుట్టుక ఒక్కటే! ఈ వాదన మనకు కొత్తది కాదు. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు ‘బృహత్సంహిత’లో వజ్రాలకు వర్ణవ్యవస్థ కల్పించాడు. తెల్లనిది బ్రాహ్మణుడికి, ఎర్రదీ పచ్చదీ క్షత్రియుడికి, దిరిసెన పూవన్నెది వైశ్యుడికి, కత్తిలా నల్లగా ఉండేది శూద్రుడికి. రాతికి కూడా కులం అంటగట్టిన సమాజం మనది. 2018లో అమెరికా వాణిజ్య సంఘం వజ్రం నిర్వచనం నుంచి ‘సహజ’ అన్న మాట తొలగించింది. 2025లో అక్కడి రత్నపరీక్షా సంస్థ జి.ఐ.ఎ. ప్రయోగశాల రాళ్ళకు గని రాళ్ళ తరగతులు ఇవ్వడం మానేసింది. ఒక చేత్తో పంక్తిలో కూర్చోబెట్టి రెండో చేత్తో విస్తరి మార్చారు. పుట్టుకను బట్టి ధర కట్టాలన్న వాదనను మనుషుల విషయంలో తిరస్కరించినవాళ్ళం రాళ్ళ విషయంలో ఎందుకు నెత్తికెత్తుకోవాలి?

ఇంతవరకు వచ్చి ‘కనుక ప్రయోగశాల వజ్రమే కొనండి’ అని ముగిస్తే వ్యాసం సులువుగా తేలిపోతుంది. కానీ అది సగం నిజమే అవుతుంది.

గని వజ్రం వెనక నెత్తురుంది, అది నిజం. 1991 నుంచి 2002 దాకా సియెర్రా లియోన్ అంతర్యుద్ధానికి వజ్రాలు డబ్బు సమకూర్చాయి. దాన్ని ఆపడానికి 2003లో అమల్లోకి వచ్చిన కింబర్లీ ఒప్పందం తిరుగుబాటుదార్ల వజ్రాలనే నిషేధించింది. ప్రభుత్వమే చంపితే? 2008లో జింబాబ్వే సైన్యం మరాంగే గనుల దగ్గర 200 మందికి పైగా చంపిందని హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. ఆ హత్యలు ఒప్పందం నిర్వచనంలోకి రావు. ఒప్పందానికి పునాది వేసినవారిలో ఒకటైన గ్లోబల్ విట్‌నెస్ సంస్థ 2011లో దాని నుంచి తప్పుకుంది.

అయితే బోట్స్వానా కూడా ఉంది. 1966లో స్వతంత్రం వచ్చేనాటికి నిరుపేద దేశం. మరుసటి ఏడు ఒరాపాలో వజ్రాలు దొరికాయి. గనుల కంపెనీలో ప్రభుత్వం సగం వాటా సాధించి, ఆ రాబడితో బడులు, ఆసుపత్రులు, రోడ్లు వేసుకుంది. ప్రయోగశాల రాళ్ళ పోటీ కూడా తోడై వజ్రాల ధరలు పడిపోయేసరికి 2024లో ఆ దేశపు ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. ఒకే సరుకు మీద దేశాన్ని నిలబెట్టిన ప్రపంచ విపణి, ఆ సరుకును వద్దనుకున్న రోజున దేశాన్నే వద్దనుకుంటుంది.

ప్రయోగశాల రాయి కూడా చేతులు లేకుండా పుట్టలేదు. దాని గదులు రాత్రింబవళ్ళు కరెంటు తాగుతాయి. మన దేశంలో కరెంటు అధికభాగం బొగ్గు నుంచే వస్తున్నది. అంటే గని మాయం కాలేదు. వజ్రపు గని స్థానంలో బొగ్గు గని వచ్చింది. ఇక ఏ రాయి అయినా సానపట్టించుకోవాలి. ప్రపంచంలోని వజ్రాల్లో పదింట తొమ్మిది సూరత్‌లోనే సానపడతాయి. అక్కడి కార్మికుల్లో చాలామందికి రాయి లెక్కన కూలి. 2022 తర్వాత గిరాకీ పడిపోతే పనిదినాలు తగ్గాయి, కూలి తెగింది, అప్పుల్లో కూరుకుపోయి ఆత్మహత్యలు చేసుకున్నవారు కూడా ఉన్నారు. ‘మచ్చలేని వజ్రం’ అని అమ్మే ప్రకటనలో ఈ మనుషులు కనిపించరు. ఈనాటి గద్ద పేరు యంత్రం.

మార్క్స్ ఊహ పూర్తిగా ఫలించలేదు. ప్రయోగశాల వజ్రం ధర కొన్నేళ్ళలోనే బాగా పడిపోయినా ఇటుక దాకా రాలేదు. 2018లో కారటుకు 800 డాలర్లని ప్రయోగశాల నగలు మొదలుపెట్టిన డిబీర్స్ 2025లో ఆ దుకాణం మూసేస్తున్నట్టు ప్రకటించింది. శ్రమ కాలం తగ్గినంత త్వరగా భ్రమ తగ్గదు.

చివరికి ఆ అమ్మాయికి ఫోను చేశాను. మా అమ్మ సంగతి చెప్పాను. నా ఎమ్మే చదువుకు ఆమె తన రవ్వల ముక్కుపుడక, గాజులు తాకట్టు పెట్టింది. వడ్డీ వ్యాపారి రాళ్ళ బరువు తీసేసి బంగారానికే లెక్కకట్టాడు. శాశ్వతమని చెప్పే రాయికి అవసరం పడ్డ రోజున అక్కడ ఒక్క రూపాయి రాలేదు. రెండేళ్ళు అమ్మ ముక్కున వేపపుల్ల పెట్టుకు తిరిగింది.

“ఏది అసలుదో నేను చెప్పలేను తల్లీ. అప్పు మాత్రం చెయ్యకు. రాయి కావాలనిపిస్తే చవకది కొనుక్కో, పుట్టుక గొప్పతనానికి డబ్బు కట్టకు. ఏది కొన్నా, దీన్ని ఎవరు తవ్వారు, ఎవరు సానపట్టారు, వాళ్ళకెంత ఇచ్చారని దుకాణంలో అడుగు” అన్నాను.

“అడిగితే వాళ్ళు చెప్తారా మాస్టారూ?” అంది.

చెప్పరు. అందుకే ఈ వ్యాసం రచయితల కోసం రాస్తున్నాను. దుకాణదారు చెప్పనిదీ, ప్రబంధకవి చూడనిదీ, పరదేశి వర్తకుడు పేరు రాయకుండా వదిలేసిందీ మనకు మిగిలి ఉంది. తొలకరి వానలకు జొన్నగిరి పొలాల్లో జనం మళ్ళీ దిగుతారు. వాళ్ళ పేర్లేమిటో ఎవరైనా వెళ్ళి అడగాలి.