అద్దములోని వరుఁడు

అమెరికా దేశమున నూఱేండ్లకుఁ బూర్వము చెలామణి యైన కొన్ని పోస్టుకార్డుల బొమ్మలు ఈ నడుమ నా కంటఁబడినవి. అవి అక్టోబరు 31వ తేదీ రాత్రి జరుపు హాలోవీన్ పండుగకై బంధుమిత్రులు పంపుకొన్నవి. గుమ్మడికాయ దీపములు, నల్లపిల్లులు, చీపురుకట్ట నెక్కి యెగురు మంత్రగత్తెలు వానిలో నుండుట వింత కాదు. నన్ను నిలిపినది వేఱొక బొమ్మ. అర్ధరాత్రమున నొక కన్య క్రొవ్వొత్తి చేతఁబట్టి యద్దము ముందు నిలిచినది. అద్దములో నామె భుజము మీఁదుగా నొక యువకుని ముఖము తొంగిచూచుచున్నది. ఆతఁడే యామెకుఁ గాఁబోవు భర్త యఁట!

ఈ నమ్మకము కార్డులకంటెఁ జాలఁ బాతది. స్కాట్లండు కవి రాబర్టు బర్న్సు 1786లోఁ బ్రకటించిన కావ్యమున నిట్టి వాడుక లనేకము కలవు. రెండు గింజలకు ఇరువురి పేళ్లు పెట్టి నిప్పులో వేయుదురు. అవి ప్రక్కప్రక్కను నెమ్మదిగాఁ గాలినచో దాంపత్యము పొసఁగును. ఒకటి చిటిలి యెగిరినచోఁ బొసఁగదు. కన్నులు మూసికొని తోఁటలోని క్యాబేజి జాతి మొక్కను పెఱుకుదురు. కాఁడ వంకరయైనచో మగఁడును వంకరయే. వేరునకు మన్నంటి వచ్చెనా, కట్నము వచ్చును! ఇరువదవ శతాబ్ది మొదట జర్మనీ ముద్రాశాలలు రంగుల కార్డులు విరివిగా నచ్చువేసి పంపుటచే నీ ముచ్చటలు బొమ్మలై యింటింటికి నెక్కినవి. 1914లో యుద్ధము వచ్చి యా సరకు నిలిచినది.

మన యోరుగంటి సీమలో నట్టి కార్డులు లేవు. కన్యల కోరిక లేకపోలేదు. భాద్రపద బహుళపక్షమునఁ బెండ్లికాని బాలికలు పుట్టమన్ను తెచ్చి, పీఁటపై నంతరువులుగాఁ దీర్చి, పూలు పెట్టి బొడ్డెమ్మను నిలుపుదురు. ప్రొద్దు వాలునప్పుడు చుట్టును దిరుగుచుఁ బాడుదురు. ఉదయము నాకడ శబ్దమంజరి వల్లించుటకు గొంతు పెగలని పిల్లలే సాయంకాల మా పాటలను దప్పు లేక పాడుచుండఁగా నే నాశ్చర్యపడెడివాఁడను. వారు వేఁడునది మంచి మగనిని.

కోస్తా జిల్లాలలో ఆశ్వయుజ బహుళ తదియనాఁడు అట్లతద్ది. అదియుఁ దఱచుగా అక్టోబరులోనే వచ్చును. దాని కథలోను నొక యద్దము కలదు. ఉపవాస మున్న రాచకూఁతురు సొమ్మసిల్లఁగా, జాలిపడిన యన్నలు చెట్టున నద్దము కట్టి, మంట వెలుఁగును జూపి, చంద్రుఁ డుదయించెనని నమ్మించిరి. ఆమె యన్నము తిన్నది. వ్రతభంగమై, పిదప నామెకు వచ్చిన సంబంధము లన్నియు ముసలివారివే! మరల నోము నోఁచిన మీఁదనే పడుచు వరుఁడు దొరకెను.

పాశ్చాత్యుల యద్దము వరునిఁ జూపినది. మన యద్దము వరునిఁ బోఁగొట్టినది. ఆ కన్య "ఎవఁడు?" అని యడిగినది. మన కన్యకు "ఎట్టివాఁడు?" అను ప్రశ్నయే మిగిలినది, ఎన్నికొనుట యామె చేతిలోనిది కాదు గనుక. ముసలి మగఁ డనఁగా వట్టి కథలోని భయ మనుకొనరాదు. గురజాడ యప్పారావుగారి 'కన్యాశుల్కము' 1892లోఁ బ్రదర్శింపఁబడినది. అందు వృద్ధుఁడగు లుబ్ధావధానులకు సుబ్బి యను పసిపిల్లను వెలకిచ్చుటకుఁ దండ్రి సిద్ధపడినాఁడు. బ్రిటిషు ఇండియాలోఁ గన్యకుఁ బదునాలుగేండ్లైన నిండవలెనని శాసన మయినది 1929లోఁ గదా! మూఢవిశ్వాసమని నవ్వువారు ఈ సంవత్సరములను గూడఁ జూడవలెను.

మఱియొక మాట. ఓరుగంటి వీథులను వర్ణించిన 'క్రీడాభిరామము'నందు, బయలుదేఱుటకు ఏ వేళ మంచిదను చర్చకు గార్గ్యుఁడును బృహస్పతియు సాక్షులైరి. ఇరువురు మగవారు విలాసముగాఁ దిరుగఁబోవుటకు ఋషులు కావలసి వచ్చిరి! బొడ్డెమ్మకు ఋషి లేఁడు, శాస్త్రము లేదు. బల్లి పడిన చోటున కెల్ల ఫలము చెప్పిన మన పంచాంగకర్తలు ఈ బాలికల జోలికిఁ బోలేదు.

వారి పాటలకు విద్యాపీఠమునఁ జోటు కల్పించినవాఁ డీ సీమవాఁడే యగుట నాకు సంతోషము. బిరుదురాజు రామరాజుగారి 'తెలుఁగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడినది. ఐనను అచ్చుకెక్కని బొడ్డెమ్మ పాటలు పల్లెలలో నింకను వినఁబడును. మీ యింటి పెద్దమ్మకు వచ్చినవి వ్రాసికొనునప్పుడు, ఊరి పేరును, బొడ్డెమ్మ కెన్ని యంతరువులు పేర్చుదురో యదియును జేర్పుఁడు.