ఇబ్రహీంపట్నం ప్రాంత పేద వృద్ధుల్లో నోటి అనారోగ్యం: కారణాలు

ఇబ్రహీంపట్నం రంగారెడ్డి జిల్లాలో, నాగార్జునసాగర్ రహదారి మీద, హైదరాబాద్‌కు ఆగ్నేయంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్టణం, మండల కేంద్రం. కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్ద చెరువుకు పేరుపొందిన ఈ వ్యవసాయ ప్రాంతానికి ఇప్పుడు ఆదిభట్లలో ఐటీ, విమాన విడిభాగాల పరిశ్రమలు వచ్చాయి. ఆ ఎదుగుదలలో వాటా దక్కని కూలీ, చిన్నరైతు కుటుంబాల్లోని వృద్ధులను పిప్పిపళ్లు, చిగుళ్ల వ్యాధి, పళ్లు ఊడిపోవడం, నోటి క్యాన్సర్ వంటి సమస్యలు వెంటాడతాయి.

‘వయసు మీదపడితే పండ్లు ఊడుడే’ అన్న నమ్మకం ఈ సమస్యల కారణాలన్నిటిలోకీ లోతైనది. అది నిజం కాదు. జపాన్‌లో 80 ఏళ్ల వయసుకు 20 సొంత పళ్లు మిగలాలన్న ఉద్యమం 1989లో మొదలైంది. 2016 నాటికి అక్కడ ఆ వయసువారిలో సగం మందికి పైగా ఆ లక్ష్యాన్ని అందుకున్నారు. పళ్లను తీసుకుపోయేది వయసొక్కటే కాదు, దశాబ్దాలుగా అందని వైద్యం కూడా.

నీరు

సరిహద్దు దాటితే నల్లగొండ జిల్లా. మర్రిగూడ, మునుగోడు వంటి చోట్ల భూగర్భజలంలోని ఫ్లోరైడ్ తరాల తరబడి ఎముకలను, పళ్లను దెబ్బతీసింది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఫ్లోరైడ్ పంటిపై చూపే ప్రభావానికి ఒక ప్రత్యేకత ఉంది. చిగురు లోపల పన్ను తయారయ్యే దశలోనే, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపే, పింగాణీ పొర చెడిపోతుంది. అందుకే మిషన్ భగీరథ నీళ్లు నేటి పిల్లలను కాపాడగలవు గానీ, చిన్నప్పుడు ఫ్లోరైడ్ బావినీళ్లు తాగిన అవ్వల, తాతల గోధుమరంగు మచ్చలను, గుంటలను చెరపలేవు.

పొగాకు

అన్నిటికంటే ప్రమాదకరమైనది, అయినా మానుకోగలిగినది ఇదే. తెలంగాణ పల్లెల్లో పొగాకు బీడీగా, చుట్టగా, జర్దాగా, అంబర్‌గా, గుట్కాగా నోటికి చేరుతుంది. ఎండలో రోజంతా పనిచేసే కూలీకి అది ఆకలిని, అలసటను మరిపించే చవకైన సాధనం. పంటినొప్పికి మందుగా పొగాకు నలిచి పెట్టుకునేవారూ ఉన్నారు. నొప్పి తాత్కాలికంగా మొద్దుబారుతుంది, లోపలి జబ్బు మాత్రం ముదురుతుంది. వక్క కలిసిన గుట్కాతో బుగ్గల లోపలి పొర గట్టిపడి, నోరు తెరవడమే కష్టమవుతుంది. తెల్లమచ్చలు, మానని పుండ్లు క్యాన్సర్‌కు ముందస్తు హెచ్చరికలు కావచ్చు. మద్యం తోడైతే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే గుట్కాను నిషేధించినా, అలవాటు నిషేధంతో పోలేదు.

చక్కెర వ్యాధి, మందులు, తిండి

మధుమేహం చిగుళ్లను పాడుచేస్తుంది, చిగుళ్ల వాపు మధుమేహాన్ని అదుపు తప్పిస్తుంది. రక్తపోటు మాత్రల్లో కొన్ని లాలాజలాన్ని తగ్గిస్తాయి. నోరు ఎండితే పంటి వేళ్లు త్వరగా పుచ్చుతాయి, చిగురు జారినవారిలో మరీ త్వరగా. బొగ్గుపొడి, ఇటుకపొడితో తోమడం పింగాణీని అరగదీస్తుంది. మెత్తని వేపపుల్లను నెమ్మదిగా వాడితే అంత నష్టం లేదు. పళ్లు పోయాక జొన్నరొట్టె, పల్లీలు, మాంసం దూరమై చారన్నం, టీలో ముంచిన బిస్కెట్లే మిగులుతాయి. మాంసకృత్తులు, పీచు తగ్గి, పిండిపదార్థం, చక్కెర పెరుగుతాయి.

వైద్యానికి దూరం

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సాధారణంగా దంతవైద్యుడు ఉండడు. ప్రభుత్వ దంత వైద్య కళాశాల, ఆసుపత్రి హైదరాబాద్‌లోని అఫ్జల్‌గంజ్‌లో ఉంది. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఛార్జీ తప్పించింది, కానీ తోడు వచ్చే కొడుకు ఆనాటి కూలి పోతుంది. అందువల్ల వైద్యుడి దగ్గరికి వెళ్లేది నొప్పి భరించలేనప్పుడే. అప్పటికి పన్ను పీకడం తప్ప దారి మిగలదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే పెద్ద చికిత్సల పథకం. చిన్న పిప్పిపన్నును ముందే నింపించుకునే అవసరం దాని పరిధికి బయటే ఉండిపోతోంది.

ఈ లోటు తీర్చే నమూనాలు లేకపోలేదు. కళ్ల కోసం తెలంగాణ 2018లో కంటివెలుగు నడిపి ఊరూరా అద్దాలు పంచింది. కర్ణాటక 2014లో ‘దంత భాగ్య’ పేరుతో పేద వృద్ధులకు ఉచితంగా కట్టుడు పళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇబ్రహీంపట్నం వంటి చోట ఈ రెండు పద్ధతులూ కలవాలి, శిబిరం ఊరికి మళ్లీ మళ్లీ రావాలి. ఎందుకంటే పూర్తి పళ్ల సెట్టుకు కొలతలు తీయడం, కరిచి చూడటం, అమర్చడం, ఒరిపిడి సరిచేయడం ఒక్క రోజులో పూర్తయ్యే పని కాదు. శిబిరం ఒకసారి వచ్చి వెళ్లిపోతే నోట్లో కుదరని పళ్లు అల్మారాలోనే ఉండిపోతాయి.