ఏడుకు ఆరు: హాలీ–కల్దారు మారకంలో వెండి పాలు, షావుకారు పాలు

నిజాం ఇలాకా సొంత నాణెమైన హాలీ సిక్కా మాట ఎత్తితే చాలు, మన సాహిత్య సభల్లోనూ చరిత్ర సదస్సుల్లోనూ ఎవరో ఒకరు నూటపదహార్ల కథ అందుకుంటారు. వంద కల్దారు (బ్రిటిష్ ఇండియా) రూపాయలకు నూటపదహారు హాలీ రూపాయలు వచ్చేవట. నిజాం ఇలాకాలో పండితుడికి వంద కల్దార్ల విలువ ముట్టాలని నూటపదహారు ఇచ్చేవారట. ఆచారం అలా పుట్టిందట. వినడానికి బాగానే ఉంటుంది. చిక్కల్లా ఇంతటితో హాలీ మారకం చరిత్ర చెప్పేసినట్టు అందరూ తృప్తిపడడమే. 

ఈ వాదానికి మొదటి శత్రువు లెక్కే. మారకపు రేటు ఏడు హాలీలకు ఆరు కల్దార్లు; ఆ చొప్పున వంద కల్దార్లకు రావలసింది రూ. 116-10-8 (రూపాయలు-అణాలు-పైలు). చిల్లర వదిలేశారని సమాధానం చెబుతారు. సరే, వదిలేద్దాం. మరి అయిదువందల పదహార్లు, వెయ్యినూటపదహార్ల సంగతి? అయిదు వందల కల్దార్లకు రూ. 583-5-4, వెయ్యికి రూ. 1,166-10-8 రావాలి. మన సంభావనల్లో అయిదు వందల మీదైనా వంద మీదైనా పెరిగేది పదహారే, ఆరో వంతు కాదు. పైగా హాలీ చెల్లని కోస్తా జిల్లాల్లోనూ పండితులు అవే నూటపదహార్లు పుచ్చుకున్నారు. మారకం నుంచి ఆచారం పుట్టిందనేవారు ముందు ఈ రెండింటికీ జవాబు చెప్పాలి.

అసలు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఏడుకు ఆరే ఎందుకు? హైదరాబాదులోని బ్రిటిష్ రెసిడెన్సీ ఒత్తిడి అని కొందరు ఒక్క మాటలో తేల్చేస్తారు. నాణేలను తక్కెట్లో వేసి చూస్తే మరో సమాధానం దొరుకుతుంది. బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో మేలిమి వెండి 10.69 గ్రాములు. సైఫాబాదు టంకశాలలో 1904 ప్రాంతం నుంచి యంత్రం మీద అచ్చయిన చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు. వెండి వెయ్యికి 818 పాళ్లు, అంటే 9.14 గ్రాములు. పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే 1.169. ఏడును ఆరుతో భాగిస్తే 1.167. ఇంత దగ్గరి పొంతనను కాకతాళీయమని నేను నమ్మను.

1893లో బ్రిటిష్ ఇండియా తన టంకశాలలను ప్రజలు తెచ్చే వెండికి మూసేసింది. దాంతో కల్దారు విలువ వెండిని వదిలి పైన నిలిచింది. హాలీ మాత్రం వెండి వెంట జారింది, మారకం రోజుకో తీరుగా ఊగింది. 1901లో నిజాం ఆర్థిక శాఖకు వచ్చిన బ్రిటిష్ అధికారి కాసన్ వాకర్ కాలంలో కొత్త నాణెం వచ్చి ఆ ఊగులాటకు కళ్లెం పడింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వెండి ధర ఎగబాకినప్పుడు ఈ పొంతన బలం తెలుస్తుంది. వెండి పాళ్లకూ మారకానికీ ఒకటే నిష్పత్తి కాబట్టి, కల్దారును కరిగిస్తే లాభం వచ్చే ధర దగ్గరే హాలీని కరిగించినా లాభం వచ్చేది. అందుకే బ్రిటిష్ ఇండియా 1917లో రూపాయి నోటు తెస్తే, హైదరాబాదు 1918లో తన తొలి నోట్లకు దిగింది. కొత్త నాణెం వచ్చాక రెండు నాణేలనూ నిలబెట్టింది ప్రభుత్వాల హామీయే గాని వెండి కాదన్న అభ్యంతరం ఉంది గాని, ఆ హామీకి కొలబద్ద ఏదన్నది దానివల్ల తేలదు.

వెండి చెప్పేది రేటు పుట్టుక వరకే. దాని బరువు ఎవరి మీద పడిందో తెలియాలంటే సరిహద్దుకు వెళ్లాలి. మునగాల పరగణా కృష్ణా జిల్లాలోది, చుట్టూ నిజాం నేల. అక్కడ పొలిమేర దాటితే నాణెం మారేది. ఆ చుట్టుపక్కల షావుకార్ల ఇళ్లలో మిగిలిన పాత చిట్టాలు తిరగేస్తున్నప్పుడే, ఆ బరువు చిల్లర మార్చుకునేవారి మీద పడిందేమోనన్న అనుమానం నాకు తగిలింది. ఒకదానిలో ‘హా’, ‘క’ అని రెండు వరసలు గీసి ఉన్నాయి. హాలీ మూడణాలు జమ అయిన చోట కల్దారు వరసలో 0-2-6 అని రాసి ఉంది. నిజానికి రెండణాల ఆరు పైల మీద ఒక పైలో ఏడింట ఆరు వంతులు రావాలి. అది రాయడానికి అంకె లేదు, ఇవ్వడానికి నాణెం లేదు. షావుకారు దగ్గర ఉండిపోయింది.

ఎదురు దారిలో ఈ తంటా లేదు. కల్దారు అణాకు సరిగ్గా 14 హాలీ పైలు: ఒక అణా, ఒక రెండు పైల బిళ్ల. అణాల్లో ఎంత తెచ్చినా నిశ్శేషంగా తేలుతుంది. హాలీ అణాకు మాత్రం 10 కల్దారు పైల మీద ఏడింట రెండు వంతులు. ఆ తునక పోతే నష్టం 36లో ఒక వంతు. హాలీ రూపాయి మార్చుకున్నవాడికి 13 అణాల 8 పైలు దక్కుతాయి, పోయేది 288లో ఒక వంతు. ఏడు రూపాయలు ఒక్కసారి మార్చినవాడికి ఏమీ పోదు. నాణేలు మార్చే సరాఫు తీసుకునే వట్టం (కమిషన్) దీనికి అదనం. అంటే రేటు కాగితం మీద అందరికీ ఒకటే అయినా, చిన్న మొత్తాల మీదే సాధారణంగా పెద్ద కోత. కూలి డబ్బుతో పొలిమేర దాటి కిరసనాయిలు కొన్న మనిషి నుంచి ప్రతి సంతకూ ఈ సుంకం వసూలైంది. ఏ జమాబందీలోనూ (శిస్తు లెక్కలోనూ) అది కనబడదు.

ఈ వెలుగులో చూస్తే సరిహద్దు పల్లెల్లో చిల్లర మార్చుకున్నవారి నష్టంలో మారకపు తునకలకూ పాలుందని చెప్పవలసి వస్తుంది; అప్పుల్లో వాటి పాలెంతో ఇంకా తేలవలసి ఉంది.  హైదరాబాదు భారతదేశంలో విలీనమైన తర్వాత హాలీని భారత రూపాయిలోకి మార్చినప్పుడు కూడా ఏడుకు ఆరునే ఖాయం చేశారు. ఖజానాలకు అది న్యాయమైన రేటే. ముంతలో అణాలు దాచుకున్నవారికి మాత్రం ఆఖరి కోత అదే. 1940ల రైతు అప్పుల మీద పని చేసేవారు పత్రంలో వడ్డీ ఎంతని చూడడానికి ముందు, ఏ నాణెంలో తీసుకుని ఏ నాణెంలో తీర్చాలని రాశారో చూడాలి. ఆ పని జరిగేదాకా నిజాం ఇలాకా ఆర్థిక చరిత్ర సగమే రాసినట్టు.