వందా: ఆర్కిడ్ పెంపకపు చరిత్ర

చిన్ననాఁడు అమరము వల్లించినవారికి వనౌషధివర్గములోని 'వందా' యను పదము జ్ఞప్తికి వచ్చును. చెట్టుమీఁద మొలచు బదనికకు అది పేరు. దానికే 'వృక్షాదని' యని పర్యాయము; చెట్టును తినునది యని యర్థము. మామిడికొమ్మలోనికి వేరు దింపి రసము పీల్చు బదనికకు ఈ నామము తగును. కాని చెట్లపైనను పెరుఁగు మఱియొక జాతి కలదు. దానిని ఆర్కిడ్ అందురు. అది చెట్టును ఆశ్రయించునే కాని భక్షింపదు. దాని ఆహారమేమో తెలిసికొనుటకు మానవుఁడు పెక్కేండ్లు శ్రమించెను. ఆ కథయే నేఁటి ప్రసంగము.

1781లో సామర్లకోట చేరి వృక్షపరిశోధన చేసిన రాక్సుబర్గు దొర, 1795లో వెలువడిన తన కోరమండల తీరపు మొక్కల గ్రంథమున ఈ జాతి మొక్క నొకదానిని చిత్రముతో వర్ణించెను. ఆ యేఁడే ప్రకటితమైన విలియం జోన్సు వ్యాసమువలన 'వందా' యను సంస్కృతనామము దానికి స్థిరపడెను. నేఁటికిని లోకమెల్ల దానిని అట్లే పిలుచుచున్నది.

ఆ కాలమున ఇంగ్లండు ధనికులు ఇట్టి మొక్కలను ఓడలపై తెప్పించిరి. ఉష్ణదేశపు మొక్కలు గదా యని అద్దపుటిండ్ల తలుపులు బిగించి, వేఁడి పుట్టించి, ఆవిరిలో నుంచిరి. గాలి లేక వేళ్లు కుళ్లి అనేకము నశించెను. అవి చలికి చచ్చినవి కావు. మితిమీఱిన ఆదరమునకు చచ్చినవి.

చాట్సువర్తులో డెవన్‌షైర్ డ్యూకుగారి తోఁటను పాలించిన జోసెఫ్ పాక్స్టన్ మార్గము మార్చెను. ఆ తోఁటనుండి 1835లో జాన్ గిబ్సన్ అను తోఁటమాలి మనదేశమునకు వచ్చి, ఖాసీకొండలలో ఆర్కిడ్లను సేకరించి, 1837లో మరలిపోయెను. పాక్స్టన్ వానికి మంచి గాలి నిచ్చి, పుట్టినచోటి శీతోష్ణములకు తగినట్లు వేఱువేఱు ఇండ్లలో పెంచెను.

విత్తు విషయము ఇంకను విచిత్రము. ధూళివంటి ఆ విత్తులో నిలువ ఆహారము లేదు. ఒకజాతి బూజు దానిని పోషించునని ఫ్రాన్సు దేశస్థుఁడు నోయెల్ బెర్నార్డు 1899లో కనుఁగొనెను. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ బూజునకు బదులు చక్కెర నిచ్చి మొలిపించెను.

ఇఁక పెంపకము. ఆర్కిడ్ వేళ్లపైనుండు తెల్లని పొర వానను, దానితో వచ్చు ధూళిసారమును పీల్చును. కాఁబట్టి బంకమట్టి పనికిరాదు. బొగ్గు, ఇటుకముక్కలు చాలును. ఉదయపుటెండ తగులవలెను. ప్రొద్దుటనే నీరు పోసినచో సాయంకాలమునకు వేళ్లు ఆఱును. క్రొత్త వేరు, ఆకు వచ్చునపుడు మాత్రమే ఎరువును నీటిలో మిక్కిలి పలుచఁగా కలిపి చల్లవలెను. ఖాసీకొండల డెండ్రోబియముల కాండము ముదిరిన పిదప, చలికాలమున ఎరువు మాని నీరు తగ్గింపవలెను. ఆ విశ్రాంతి లేనిచో ఆకులు వచ్చును గాని పువ్వులు రావు. వందాకు నీరు నిలువచేయు దుంపకాండము లేదు గనుక దానికి నీరు పూర్తిగా మానరాదు.

అడవిలోని మొక్కను పెఱికి తేవలదు. తోఁటలలో పెంచినదానినే కొనుఁడు. దానికి మన యిష్టము వచ్చినది పెట్టక, అది పుట్టినచోట ఎట్లు బ్రదుకునో తెలిసికొని పెంచుఁడు.